బస్తరు వాకిట పెరిగే కోడి

బస్తరు వారపు సంతలకు అడవిదారుల వెంట నడచివచ్చే గోండు, మాడియా, హల్బా, ధుర్వా స్త్రీల చేతులలో చింతపండు, ఇప్పపువ్వు తట్టలతో పాటు కాళ్ళు కట్టిన కోడి ఒకటి తరచుగా కనిపిస్తుంది. సాయంత్రానికి ఆ కోడి ఉప్పుగా, నూనెగా, పిల్లవాని పలకా పుస్తకాలుగా, ఒక్కొక్కసారి జ్వరానికి మందుగా మారి ఇల్లు చేరుతుంది. బ్యాంకు చాలా దూరంలో ఉన్న పల్లెలో కోడియే పొదుపు ఖాతా. ఆ ఖాతా స్త్రీ చేతిలో ఉంటుంది. ఎద్దును అమ్మాలంటే ఇంటి పెద్దలు కూర్చుని ఆలోచించాలి. కోడిని అమ్మడానికి ఇల్లాలి నిర్ణయం చాలు.

1998లో విభజన జరిగేవరకు బస్తరు ఒకే జిల్లా. 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ జిల్లా కేరళ రాష్ట్రం కంటె పెద్దది. నేడు అది ఛత్తీస్‌గఢ్‌లో ఏడు జిల్లాలు. ఇంద్రావతి, శబరి నదులు ఇక్కడినుండి సాగి గోదావరిలో కలుస్తాయి. భోపాలపట్నం, కోంటా ప్రాంతాలలో తెలుగు మాట వినిపిస్తుంది. ఈ గోదావరి పరిసరాలలోనే మరొక విచిత్రమైన సంగమం ఉన్నది. ఉత్తరాది అడవులకు చెందిన ఎర్ర అడవికోడి, దక్షిణాదికి చెందిన బూడిదరంగు అడవికోడి ఈ ప్రాంతపు అడవులలో ఎదురుపడతాయి. ఇంటి కోడికి ప్రధానమైన పూర్వికురాలు ఎర్ర అడవికోడి. అయితే అనేక పెంపుడు కోళ్ళలో కనిపించే పసుపుపచ్చని చర్మం మాత్రం బూడిదరంగు కోడినుండి సంక్రమించినదని 2008లో జన్యు శాస్త్రజ్ఞులు నిరూపించారు.

బస్తరు ఇంటి కోడికి ప్రత్యేకమైన మేత ఉండదు. తెల్లవారగానే గంప ఎత్తితే అది వాకిట నూకలు, పెరటిలో పురుగులు, కళ్ళంలో రాలిన కొసర ధాన్యం ఏరుకుని సాయంత్రానికి తనంతట తానే వస్తుంది. పిల్లలకోసం ఇల్లాలు అడవినుండి చెదపుట్ట గడ్డలు తవ్వి తెచ్చి విదిలిస్తుంది. ఖర్చు లేని మాంసకృత్తులివి! నాటుపెట్ట ఒక విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుడు పడుతుంది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు లేస్తాయి. తరువాత రెండు మూడు నెలలపాటు తల్లి వాటి వెంటే తిరుగుతుంది. ఆ కాలమంతా గుడ్లు ఉండవు. కనుక ఏడాదికి మూడు నాలుగు విడతలే సాధ్యం. గ్రద్ద, ముంగిస, అడవిపిల్లి తమ వాటా తీసుకోగా మిగిలిన పిల్లలే ఇంటి లాభం.

ఈ కోళ్ళు కూరకు మాత్రమే కాదు. దేవరకు ఏ రంగు కోడిని ఇవ్వాలో ఆచారం నిర్దేశిస్తుంది. బలికి ముందు చల్లిన బియ్యపు గింజలను కోడి ఏరుకుంటే దైవం సమ్మతించినట్లు భావిస్తారు. సంతలలో కోడిపందెం పెద్ద వినోదం; దానివల్ల ఆరిపోయే సంపాదన కూడా తక్కువది కాదు. పందేనికి పేరుపొందిన అసీలు జాతికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లు పుట్టినిళ్ళుగా జాతీయ నమోదులో చేరినవి. సంక్రాంతికి గోదావరి జిల్లాలలో బరిలో దిగే పుంజుకూ, బస్తరు సంతలో కత్తి కట్టిన పుంజుకూ చుట్టరికం ఉన్నదన్నమాట.

దీనికి పూర్తిగా భిన్నమైన మార్గంలో తెలుగునాట కోళ్ళ పరిశ్రమ ఎదిగింది. 1971లో బండా వాసుదేవరావు హైదరాబాదులో వెంకటేశ్వరా హేచరీస్‌ను స్థాపించారు. 1982లో ఆయన చొరవతోనే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. పంజరంలోని పెట్ట ఏడాదికి మూడువందల వరకు గుడ్లు పెడుతుంది. మాంసపు కోడి ఆరు వారాలలో రెండు కిలోలు తూగుతుంది. కాని దాణా, విద్యుత్తు, మందులు ఒక్క వారం అందకపోయినా ఆ ఏర్పాటు కుప్పకూలుతుంది. వానాకాలంలో దారి తెగిపోయే పల్లెకు అది తగదు. పెరటి పెంపకానికి కాలం చెల్లిందని భావించేవారు 2019 పశుగణన చూడవలెను. దేశంలోని 85 కోట్ల కోళ్ళలో దాదాపు 32 కోట్లు పెరటివే. 2012 నాటి లెక్కతో పోల్చితే అవి 46 శాతం పెరిగాయి.

ఈ రెండు మార్గాల మధ్య వంతెన వేయడానికి హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ ప్రయత్నించింది. అక్కడ రూపొందిన వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది; గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. రంగురంగుల ఈకలు, గోధుమరంగు గుడ్లు కావడంవల్ల పల్లెవాసులు వీటిని పరాయి కోళ్ళుగా చూడరు. పెరటిలో తిరుగుతూనే ఇవి నాటుపెట్ట కంటె రెట్టింపు, అంతకు మించి గుడ్లు ఇస్తాయి. అయితే ఒక చిక్కు ఉన్నది. ఈ పెట్టలు పొదగవు. వీటి గుడ్లను నాటుపెట్ట క్రింద పొదిగించినా తరువాతి తరంలో ఆ గుణాలు నిలువవు. అందుచేత ప్రతిసారీ పిల్లలను బయటినుండి తెచ్చుకోవాలి. నాలుగైదు వారాలు వెచ్చదనమిచ్చి పెంచిన తరువాతే పెరటిలో వదలాలి. ఈ సంగతి చెప్పకుండా పిల్లలను పంచిపెట్టి వెళ్ళే పథకం ఒక్క వేసవితో ముగుస్తుంది.

దంతెవాడలో స్త్రీల స్వయంసహాయక బృందాలు చేపట్టిన కడక్‌నాథ్ పెంపకం మరొక అధ్యాయం. చర్మం, మాంసం, ఎముక సైతం నల్లగా ఉండే ఈ జాతికి కాలీమాసీ అని పేరు. మెలనిన్ అనే రంగుపదార్థం శరీర కణజాలమంతటా వ్యాపించడమే ఆ నలుపుకు కారణం. ఇది నిదానంగా పెరుగుతుంది, గుడ్లు తక్కువ, పొదగడంలోనూ అంత సమర్థురాలు కాదు. కాని నగరాలలో ఎక్కువ ధర పలుకుతుంది. దీని భౌగోళిక గుర్తింపు కోసం మధ్యప్రదేశ్‌లోని ఝాబువాతో పాటు దంతెవాడ కూడా వాదించగా 2018లో ఆ గుర్తింపు ఝాబువాకే దక్కింది. 2000 సంవత్సరం వరకు ఆ రెండూ ఒకే రాష్ట్రంలోనివి! గుర్తింపు ఎక్కడికి వెళ్ళినా, కొనేవారు దూరనగరంలో ఉన్నంతకాలం కోడిని అక్కడికి చేర్చే దారే బృందానికి అసలు సమస్య.

ఏ జాతినైనా ఒక్క వారంలో ఊడ్చివేయగల శత్రువు రాణిఖేత్ వ్యాధి. తెలుగు రైతులు దీనిని కొక్కెర తెగులు అంటారు. 1927లో కుమావూఁ కొండలలోని రాణిఖేత్‌లో మన దేశంలో మొదటిసారి గుర్తించబడినందున దానికి ఆ పేరు వచ్చింది. కోడి మెడ వంకరపోతుంది, పచ్చని విరేచనాలవుతాయి, వరుసగా చస్తాయి. సంతలో కొన్న ఒక్క కోడి ఊరంతటికీ దీనిని అంటించగలదు. చికిత్స లేదు, టీకా ఉన్నది. మొదటి వారంలో పిల్ల కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య సూదిమందు.

ఇంత తేలికైన పని బస్తరులో ఎందుకు కష్టమైనదో టీకా సీసాను చూస్తే తెలుస్తుంది. ఒక సీసాలో వంద లేక అంతకంటె ఎక్కువ మోతాదులు ఉంటాయి. ఒక ఇంటిలో ఉండేవి ఆరేడు కోళ్ళు. మందును మంచులోనే ఉంచాలి. ఒకసారి కలిపితే రెండు గంటలలో వాడి తీరాలి. పల్లెలోని ఇళ్ళు పాడాలుగా విడివిడిగా ఉంటాయి. కనుక ఒక సీసా వృథా కాకుండా ఉండాలంటే పదిహేను ఇరవై ఇళ్ళవారు ముందే మాట్లాడుకుని, ఒకే రోజున, గంపలు ఎత్తకముందే కోళ్ళను సిద్ధంగా ఉంచాలి. శిక్షణ పొందిన పశుసఖి ఆ రోజు వేకువనే మంచుపెట్టె భుజాన వేసుకుని మొదటి పాడాకు చేరాలి. కోళ్ళు ఒకసారి అడవి అంచుకు వెళ్ళిపోతే వాటిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.