1980లలోనే ఏకే ఎంచుకుని ఉంటే?

ఫోన్ కొనేటప్పుడు కెమెరా చూస్తాం, ర్యామ్ చూస్తాం. ఛార్జింగ్ పోర్టు గురించి పెద్దగా ఆలోచించం. కానీ ఇంట్లో ఉన్న ఛార్జర్లు పనికొస్తాయో, మూలన పడతాయో తేల్చేది అదే. సైన్యం రైఫిల్‌కి అలాంటి పోర్టు తూటా సైజు.

1962లో చైనాతో యుద్ధానికి మన జవాన్లు .303 రైఫిళ్లతో వెళ్లారు. ప్రతి గుండుకీ బోల్టు లాగాల్సిందే. ఆ దెబ్బ తర్వాత ఎస్‌ఎల్‌ఆర్ వచ్చింది. దాని 7.62×51 తూటా గట్టిదే, కానీ బరువు. 1980లలో దాని స్థానంలో కొత్త రైఫిల్ తయారీ మొదలైనప్పుడు ప్రపంచంలో రెండు చిన్న తూటాలు బాగా నడుస్తున్నాయి. సోవియట్ ఏకేది 7.62×39, నాటోది 5.56×45. మనం రెండోది తీసుకుని సొంతంగా ఇన్సాస్ చేసుకున్నాం.

1999 కార్గిల్‌లో చలికి ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. మూడు గుండ్లతో ఆగాల్సిన బర్స్ట్ కొన్నిసార్లు ఆగలేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు "నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసిందే" అంటారు చూశారా, అలాంటి కథే. కాకపోతే ఇక్కడ బగ్ అంటే ప్రాణం.

మరి అప్పుడే ఏకే లైసెన్స్ తీసుకుని ఉంటే? కార్గిల్‌లో జవాన్ చేతిలో ఎన్నో యుద్ధాలు చూసిన ఇనప మ్యాగజైన్ ఉండేది. 1990ల మొదట్లో విదేశాల నుంచి హడావుడిగా ఏకేలు కొనే పనీ తప్పేది. నిజంగా జరిగిందేంటి? ఇన్సాస్‌కి ఒక తూటా, ఏకేలకి ఇంకోటి. 2019లో 72,400 సిగ్ 716లు కొనడంతో మళ్లీ పాత 7.62×51. 2021 డిసెంబరులో ఆరు లక్షలకు పైగా ఏకే-203ల ఒప్పందం కుదిరింది. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారీ. తిరిగి తిరిగి ఏకే తూటా దగ్గరికే వచ్చాం!

అలాగని ఆ దారంతా పూలబాట కాదు. 5.56 తూటా సుమారు 12 గ్రాములు, ఏకేది 16 దాటుతుంది. కొండెక్కే జవాన్‌కి ఆ తేడా భుజం మీద తెలుస్తుంది. పైగా డిజైన్ మనది కాకపోతే ప్రతి మార్పుకీ మాస్కో వైపు చూడాలి.

రాజోలు దగ్గర ఉండే మా బాబాయ్ ఆర్మీలో హవల్దారుగా చేశారు. ఇదంతా చెబితే, "ఒరే, ఏ తుపాకీ అన్నది ఢిల్లీ వాళ్ల గొడవ. నొక్కితే పేలాలి, మాక్కావాల్సింది అదే" అన్నారు.

నాకూ అదే నిజమనిపిస్తుంది. ఇన్సాస్ లోపలి మెకానిజం చాలావరకు ఏకే పద్ధతే. దెబ్బతీసింది తూటా ఎంపిక కాదు, మంచులో సరిపడా పరీక్షించకపోవడం. ఏకే తెచ్చుకుని ఉంటే ఆ పరీక్ష వేరేవాళ్లు ముందే చేసిపెట్టి ఉండేవాళ్లు. మనం మాత్రం కార్గిల్‌లో చేశాం.