పోటీ లెక్కల కథా కమామీషు

సావనీరుకు ఏదన్నా రాసిమ్మని మన విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, "లెక్కల మీద రాస్తే ఎవరు చదువుతారయ్యా?" అన్నాను. "కథలు, కవితలు చాలా వచ్చినయి సార్. లెక్కలే రాలేదు" అన్నాడు. ఆ మాటలో అభిమానం ఎంతో, పేజీలు నింపుకోవాలన్న తొందర ఎంతో తేల్చుకోలేక ఒప్పేసుకున్నాను. కనుక ఇది చదవడం మొదలుపెట్టినవారు పక్కన ఒక చిత్తు కాగితం, పెన్సిలు పెట్టుకోవాలని మనవి. పేజీ తిప్పేసేవారి మీద నాకేమీ కోపం లేదు.

హైస్కూలు పిల్లలకు పెట్టే ఒలింపియాడ్ వంటి పోటీల లెక్కల గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. ఇంటర్మీడియట్ లెక్కలు తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి అడుగుతారనీ, అందుకే అవి కష్టమనీ అనుకుంటారు. మన బీయస్సీ విద్యార్థులే నాతో ఈ మాట అన్నారు. నిజానికి అంతర్జాతీయ పోటీలో కూడా కలనగణితం అవసరం పడదు. సరి, బేసి, భాగహారం, త్రిభుజాలు, కొంచెం బీజగణితం, అంతే సరంజామా. మరి కష్టమెక్కడుంది? అది చెప్పడానికి ముందు మా ఊళ్లో జరిగిన సంగతి చెప్పాలి.

మా ఊరు అక్కన్నపేట. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు మండలమైంది. అంతకుముందు మాది కరీంనగర్ జిల్లా, హుస్నాబాద్ పక్కన ఒక పల్లె. నిరుడు పని మీద ఊరికి పోయినప్పుడు, హైస్కూల్లో లెక్కలు చెప్పే మిత్రుడొకాయన "ఒక పీరియడు మా పిల్లలతో మాట్లాడండి" అని పట్టుకుపోయాడు. ఉపన్యాసమిస్తే పిల్లలు నిద్రపోతారని తెలుసు కాబట్టి బోర్డు మీద 1 నుంచి 10 దాకా అంకెలు వేసి ఒక ఆట చెప్పాను.

ఆట ఇది. పదింటిలో ఏవైనా రెండు సంఖ్యలు తుడిచెయ్యండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే వచ్చే తేడాను వాటికి బదులు రాయండి. ఇప్పుడు బోర్డు మీద తొమ్మిది సంఖ్యలుంటాయి. మళ్లీ ఏవైనా రెండు తుడవండి, తేడా రాయండి. ఇలా చేస్తూ పోతే ఆఖర్న ఒక్కటే మిగులుతుంది. "ఎవరైతే ఆఖర్న సున్నా మిగిలేటట్టు చేస్తారో వాళ్లకు ఈ పెన్ను" అన్నాను.

పెన్ను మామూలుదే. అయినా ఇరవై నిమిషాలు తరగతిలో చప్పుడు లేదు. ఒకడికి 1 వచ్చింది, ఒకడికి 5, ఇంకొకడికి 3. వెనక బెంచీలో ఒకతను సున్నా వచ్చిందని చెయ్యెత్తాడు, చూస్తే మధ్యలో ఒక తీసివేత తప్పు. చివరికి కిటికీ పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి "సార్, సున్నా రాదు. ఎట్ల జేసినా బేసే వస్తది" అంది.

"నువ్వు ఎన్నిసార్లు చేశావు?"

"ఆరుసార్లు జేసిన."

"ఏడోసారి వస్తుందేమో?"

ఇక్కడే అసలు లెక్క మొదలయింది. ఆరుసార్లు చేసి చూడడం ఓపిక. ఏడోసారి గాని, ఏడు వేలోసారి గాని రాదని చెప్పగలగడం గణితం. ఆ అమ్మాయి కూర్చుంది. నేను వేరే పిల్లలతో మాట్లాడుతున్నాను. కాసేపటికి తనే లేచి, తన మాటల్లోనే చెప్పింది: "సార్, రెండు బేసిలు తుడిస్తే తేడా సరి వస్తది. అంటే రెండు బేసిలు పోయినయి. రెండు సరిలు తుడిస్తే సరే వస్తది, బేసిలు ఎన్నున్నయో అన్నే ఉంటయి. ఒకటి సరి ఒకటి బేసి తుడిస్తే బేసి వస్తది, అప్పుడు గూడ బేసిలు అన్నే. బేసిలు పోతే జతగానే పోతయి సార్. మొదట ఐదు బేసిలున్నయి. ఐదులకెళ్లి రెండు రెండు పోతే ఒకటి మిగలాలె గదా!"

పెన్ను ఇచ్చేశాను. సున్నా తెచ్చినవాళ్లకే అన్నాను గాని, సున్నా రాదని తేల్చినవాళ్లకు ఇవ్వకపోవడం అన్యాయం.

ఆ అమ్మాయి వాడిన సరంజామా ఏమిటి? సరి, బేసి. మూడో తరగతి పాఠం. కష్టమంతా ఏ పాఠం వాడాలో ఎవరూ చెప్పకపోవడంలో ఉంది. మన పాఠ్యపుస్తకంలో "అభ్యాసం 5.2" అని ఉంటే, ఆ లెక్కలన్నీ అంతకుముందు పేజీలో చెప్పిన పద్ధతితోనే వస్తాయని పిల్లవాడికి తెలుసు. పోటీ లెక్కకు ముందు పేజీ ఉండదు. జరిగే మార్పులన్నిటి మధ్యా మారనిది ఏదో ఒకటుంటే దాన్ని పట్టుకోవాలి. ఇక్కడ మారనిది, బేసిల లెక్క ఎప్పుడూ బేసిగానే ఉండడం. గణితజ్ఞులు దీన్ని అచరం, స్థిరం అని రకరకాలుగా అంటారు. పేరు తెలియకుండానే ఆ అమ్మాయి దాన్ని కనిపెట్టింది.

ఈ పోటీల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. హంగరీ దేశంలో 1894లో హైస్కూలు ముగించిన పిల్లలకు ఒక లెక్కల పోటీ మొదలైంది. లొరాండ్ అయొత్‌వొష్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ సంవత్సరం విద్యామంత్రి అయినందుకు ఆయన గౌరవార్థం పెట్టారు. ప్రశ్నలు మూడే. విశేషం ఏమిటంటే, పరీక్షకు పుస్తకాలు తెచ్చుకోవచ్చు! కాపీ కొట్టడానికి అందులో ఏమీ దొరకదన్న ధీమా అన్నమాట. మన పరీక్షల విభాగంవారు ఈ వాక్యం చదివి కంగారు పడవద్దు. విమానశాస్త్రంలో ఎంతో పేరు తెచ్చుకున్న థియొడోర్ ఫాన్ కార్మన్ 1898లో ఈ పోటీ నెగ్గినవాడే.

అంతర్జాతీయ ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో మొదలైంది. ఏడు దేశాలే పాల్గొన్నాయి. మన దేశంలో జాతీయ ఒలింపియాడ్ 1986 నుంచి జరుగుతోంది, అంతర్జాతీయ పోటీకి మన జట్టు 1989లో మొదటిసారి వెళ్లింది. 1996లో ఆ పోటీ మన బొంబాయిలోనే జరిగింది. 2024లో ఇంగ్లండులోని బాత్ పట్నంలో జరిగినప్పుడు మన జట్టుకు నాలుగు బంగారు పతకాలూ, నాలుగో స్థానమూ వచ్చాయి.

1959లో మొట్టమొదటి పోటీలో మొట్టమొదటి ప్రశ్న చూడండి, అక్షరాలు లేకుండా చెబుతాను. ఒక సంఖ్య అనుకోండి. దాన్ని 21తో గుణించి 4 కలపండి, అది లవం. అదే సంఖ్యను 14తో గుణించి 3 కలపండి, అది హారం. మీరు ఏ సంఖ్య అనుకున్నా సరే, ఈ భిన్నంలో కొట్టివేతకు వీల్లేదని నిరూపించండి. 1 అనుకుంటే 25 బై 17. 2 అనుకుంటే 46 బై 31. 3 అయితే 67 బై 45. 10 అయితే 214 బై 143. నిజమే, ఏదీ కొట్టివేత కాదు. కాని మళ్లీ అదే మాట: ఏడోసారి?

హారాన్ని మూడు రెట్లు చెయ్యండి, అనుకున్న సంఖ్యకు 42 రెట్లూ, పైన 9 వస్తుంది. లవాన్ని రెండు రెట్లు చెయ్యండి, 42 రెట్లూ, పైన 8. రెండిటికీ తేడా 1. ఇప్పుడు లవాన్నీ హారాన్నీ రెంటినీ శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదన్నా ఉంటే, అది వాటి రెట్లనూ భాగించాలి, ఆ రెట్ల తేడానూ భాగించాలి. తేడా 1. ఒకటిని భాగించేది ఒకటే. ఇంక కొట్టెయ్యడానికి ఏముంది?

ఇంతే. మన పిల్లలు గ.సా.భా. కనుక్కోవడం ఆరో తరగతిలోనే నేర్చుకుంటారు. కాని గ.సా.భా. "కనుక్కోండి" అన్నప్పుడే అది గుర్తొస్తుంది. ఎవరూ అనకపోతే గుర్తురాదు.

ఇంకొకటి. దీన్ని మా ఇంటి వసారాలో కూర్చుని ఇంటికి రాతి పని చేసే మేస్త్రీకే వేశాను. వసారా నలుచదరం అనుకుందాం, అటు ఎనిమిది అడుగులు, ఇటు ఎనిమిది అడుగులు. ఎదురెదురు మూలల్లో, అంటే ఐమూలగా, రెండు స్తంభాలున్నాయి, ఒక్కొక్కటి ఒక చదరపు అడుగు తింటుంది. మిగిలింది 62 చదరపు అడుగులు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న షాబాదు బండలు 31 ఉన్నాయి. ఒక్క బండ కూడా కొయ్యకుండా పరవగలవా? మేస్త్రీ నేలమీద సుద్దతో గీసి గీసి, "లెక్కకు సరిపోయినయి గని కూసుంటలేవు" అన్నాడు. ఎక్కడ కూర్చోవో ఆయనకు అనుభవం మీద తెలిసిపోయింది. ఎందుకు కూర్చోవో చెప్పడానికి చదరంగం బల్లలాగా గళ్లకు నలుపూ తెలుపూ రంగులు వేస్తే చాలు. బండ ఎటు వేసినా ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి కప్పుతుంది. ఐమూల గళ్లు రెండూ ఒకే రంగు. అంచేత మిగిలినవి ఒక రంగువి 32, రెండో రంగువి 30. జతలెలా కుదురుతాయి? "మీరు ముందుగాల్నే రంగెయ్యమంటే అయిపోవు గదా" అన్నాడు మేస్త్రీ. రంగు వెయ్యాలని తోచడమే లెక్కంతా అని నేను చెబితే, ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

ఇదంతా పడమటి దేశాల సరుకు అనుకునేవారికి ఒక మాట. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడి పుస్తకంలో హారాల్లాంటి సంఖ్యలుంటాయి. ఈ హారం భిన్నం కింద ఉండేది కాదు, మెడలో వేసుకునేది: ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్య. 152207ను 73తో గుణించండి, ఎనిమిది ఒకట్ల దండ, 11111111 వస్తుంది. గుణించి మురిసిపోవడం ఒక పద్ధతి. పోటీ లెక్క చేసేవాడు అక్కడ ఆగడు. ఎన్ని ఒకట్లు గుచ్చితే ప్రధాన సంఖ్య కావడానికి అవకాశముంది, అని అడుగుతాడు. ఎనిమిదింటిని రెండేసి చొప్పున విడగొట్టి 11, 11, 11, 11 అని చదివితే అది 11తో పోతుందని కంటికే కనిపిస్తుంది. పదిహేను ఒకట్లయితే మూడేసి చొప్పున, 111తో పోతుంది. అంటే ఒకట్ల లెక్కను కట్టలు కట్టడానికి వీలుంటే ఆ దండ ప్రధాన సంఖ్య కాదు. వీలు లేకపోతే తప్పకుండా ప్రధానమేనా? మూడు ఒకట్లు తీసుకోండి: 111 అంటే 37 మూళ్లు. కాబట్టి అదీ చెప్పలేం. ఇలా ఒక ప్రశ్న తోక పట్టుకుని ఇంకో ప్రశ్న వస్తుంది, ఈ రుచి మరిగినవాణ్ణి ఆపడం కష్టం.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఒక రేఖాగణితం లెక్కను గైడులో లేని దారిలో చేస్తే, పేపరు దిద్దిన పంతులుగారు అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. అడిగితే "తప్పని కాదు, ఇట్ల చెయ్యద్దు" అన్నారు. ఆ బడి పేరు, ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆయన మీద కోపం కూడా పోయింది. పోనిది ఏమిటంటే, ఆ తరవాత రెండేళ్లు నేను సొంతంగా ఒక్క లెక్క చెయ్యలేదు, చేసే దారి తోచినా గైడు తిరగేసి చూసుకునేవాణ్ణి. ఇవాళ గైడు స్థానంలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతి వచ్చింది. మూడు కొట్టేస్తే నాలుగోది మిగులుతుంది. ఎందుకో తెలియకపోయినా మార్కు పడుతుంది. ఆ నైపుణ్యాన్ని నేను చిన్నచూపు చూడను, దానితోనే ఎందరో పల్లెపిల్లలు ఇంజనీర్లయ్యారు. అయితే బోర్డు ముందు నిలబడి "బేసిలు పోతే జతగానే పోతయి" అన్న మాటకు ఆ పద్ధతిలో చోటు లేదు.

ఒలింపియాడ్ దారి ఇలా ఉంటుంది. మొదటి పరీక్షలో మూడు గంటలు, ముప్పై ప్రశ్నలు, నూరు మార్కులు. జవాబు ఒక పూర్ణ సంఖ్య, ఎంచుకోవడానికి నాలుగు ఇవ్వరు. ఎనిమిదో తరగతి నుంచి రాయవచ్చు. అది దాటితే ప్రాంతీయ పరీక్ష, ఆ పైన జాతీయ పరీక్ష. వీటిలో ఆరేసి ప్రశ్నలు, ప్రతిదానికీ నిరూపణ రాయాలి. అంతర్జాతీయ పోటీలో రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఏడు మార్కులు. అక్కడ ఏ దేశపు పిల్లవాడైనా తన భాషలో రాసుకోవచ్చు, జట్టు నాయకులు అనువదించి వివరిస్తారు. ఈ సౌకర్యం అన్నిటికన్నా పై మెట్టు మీద ఉంది, మా ఊరి పిల్లలకు అది కావలసింది కింది మెట్టు మీద. ఇప్పుడు మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటోంది. పిల్లలు రెండూ చూసుకుని అర్థం చేసుకుంటారు. అదే పద్ధతిలో, వారానికి ఒక్క పోటీ లెక్క రెండు భాషల్లో రాసి మన కళాశాల నుంచి ఊళ్లకు పంపవచ్చు. ఒక కార్డు ముక్క చాలు. పేపర్లు దిద్దడానికి ఎం.యస్సీ. వాళ్లున్నారు. విద్యార్థి సంఘంవారికి ఈ సంగతి చెప్పాను, "వచ్చే కార్యవర్గం చూసుకుంటుంది సార్" అన్నారు. నేను వచ్చే కార్యవర్గానిక్కూడా చెబుతాను.

ఆ రోజు పీరియడు అయిపోయి గంట కొట్టిన తరవాత అందరూ బయటికి ఉరికారు. పెన్ను గెలిచిన అమ్మాయి బోర్డు దగ్గరే నిలబడింది.

"సార్, బేసి అన్నరు సరే. అన్ని బేసిలూ వస్తయా?"

"నువ్వేమంటావు?"

"పదికి మించి రాదు సార్, తేడా ఎప్పుడూ పెద్దదాన్ని దాటదు గదా. పది సరి సంఖ్య, అది గూడ రాదు. అంటే 1, 3, 5, 7, 9. గీ ఐదే." అని, 10ని పక్కన పెట్టి, మిగతా వాటిలో 2, 3 ఒక జత, 4, 5 ఒక జత, 6, 7 ఒక జత, 8, 9 ఒక జత చేసి నాలుగు ఒకట్లు తెచ్చింది. మొదటి 1తో కలిపి ఐదు ఒకట్లు. వాటిని తుడుస్తూ పోతే 1 మిగిలింది. పదిలోంచి ఒకటి పోతే తొమ్మిది. "తొమ్మిది వచ్చింది సార్!"

7 కూడా రాబట్టింది. 3 దగ్గర ఆగింది. నాకు హుస్నాబాద్ బస్సుకు టైమయింది. నేను గేటు దాటేటప్పటికి ఆ అమ్మాయి మళ్లీ మొదటినుంచి 1, 2, 3 అని అంకెలు వేస్తోంది.