స్టీరింగ్ తిప్పే పనిలేని 240 కిలోమీటర్లు

హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 275 కి.మీ. దారిలో ఎన్ని మలుపులో! ఇంచుమించు అంత దూరం ఒక్క మలుపూ లేకపోతే?

సౌదీ అరేబియాలో హైవే 10 అలాంటిదే. హరద్ నుంచి యూఏఈ సరిహద్దు దగ్గరి బత్హా వరకు, ఎడారిలో స్కేలు పెట్టి గీసినట్టు 240 కి.మీ. ప్రపంచంలోనే అతి పొడవైన తిన్నని రోడ్డుగా గిన్నిస్‌కెక్కింది. మొదట ఫహద్ రాజు కోసం వేసిన ప్రైవేటు రోడ్డు ఇది. ఇప్పుడు సరిహద్దుకు వెళ్లే ట్రైలర్లు దీనిమీద తిరుగుతుంటాయి.

‘డ్రైవింగ్ ఈజీ కదా’ అన్నాను, ఆ రూట్లో ట్రైలర్ నడిపే మా జగిత్యాల అన్నతో. నవ్వాడు. “మలుపులుంటే మెలకువుంటది తమ్మీ. సీదా రోడ్డే నిద్ర తెస్తది.”

లెక్కేసి చూశా. గంటకు 120 కి.మీ. వేగంలో 3 సెకన్లు కన్ను మూతపడితే కారు 100 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ 100 మీటర్లలో ఒంటె అడ్డొస్తే? బ్రేక్ మీద కాలు పడే టైమే ఉండదు.

నిద్రొస్తే ఏసీ పెంచడం, పాటలు పెట్టడం కాసేపే పనిచేస్తాయి. సేఫ్ చోట బండి ఆపి 20 నిమిషాలు కునుకు తీయడమే మందు. గల్ఫ్‌లో బండి నడిపే మనవాళ్లకు ఫోన్ చేస్తే ‘ఎంత దూరం వచ్చావ్’ అనకండి. ‘ఎక్కడైనా ఆగావా’ అని అడగండి.