మూల కలిపే రంపం

తలుపు చుట్టూ కొట్టిన బీడింగును పై మూల దగ్గర ఓసారి చూడండి. చాలా ఇళ్లలో అక్కడ సన్నని సందు, దాన్ని కప్పిపుచ్చిన పుట్టీ కనిపిస్తాయి. ఆ సందుకో లెక్కుంది. మూడంగుళాల వెడల్పు బీడింగు ముక్కలు రెండింటినీ 45 డిగ్రీలకు బదులు 44.5 దగ్గర కోస్తే, మూల ఒక చివర దాదాపు 2 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఫొటో ఫ్రేముకైతే కోతలు ఎనిమిది. తప్పంతా పోగై 4 డిగ్రీలవుతుంది, ఆఖరి మూల కలవనే కలవదు.

కోణం పెట్టి కోసే కరెంటు రంపం, అంటే మైటర్ సా, కొనేది ఈ అర డిగ్రీ కోసమే. దుకాణంలో మాత్రం వాట్ల గురించే ఎక్కువ చెబుతారు.

అసలు అది మీకు అవసరమా? ఈ మిషన్ చెక్కను అడ్డంగా, ఏటవాలుగా కోస్తుంది. నిలువునా చీల్చదు. మీ పనంతా 8x4 ప్లైవుడ్ షీట్లతో అల్మారాలు చేయడమైతే సర్క్యులర్ సా కొనుక్కోండి. ఏడాదికి నాలుగు ఫ్రేములే చేసేవారికి చేతిరంపం, కోణపు గాట్లున్న మైటర్ బాక్సు చాలు. బీడింగు, స్కర్టింగు, పీవీసీ పట్టీలు, అల్యూమినియం సెక్షన్లు తరచూ కోసేవారికే దీనిమీద పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

ఇళ్లలో పనికి పదంగుళాల బ్లేడుది సరిపోతుంది. స్లైడింగ్ లేని రకం నిటారు కోతలో ఐదున్నర అంగుళాల దాకా, 45 డిగ్రీల కోతలో సుమారు నాలుగంగుళాల దాకా కోస్తుంది. బ్లేడు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిగే స్లైడింగ్ రకం పన్నెండంగుళాల పలకనూ కోస్తుంది కానీ ధర, బరువు పెరుగుతాయి. పట్టాలు వదులైతే కోత వంకర పోతుంది కూడా. చవకరకం స్లైడింగ్ కన్నా గట్టి మామూలు రకమే నయమని నా అభిప్రాయం.

కొనేముందు షాపులోనే ఒక పరీక్ష చేయించండి. వెడల్పాటి పట్టీని 90 దగ్గర కోయించి, రెండు ముక్కలనూ వెనుక ఉన్న ఫెన్సుకు ఆనించి, ఒకదాన్ని తిరగేసి కోసిన అంచులు కలపండి. తేడా ఏమన్నా ఉంటే రెట్టింపై కళ్లకు కడుతుంది. సర్దుబాటు స్క్రూలతోనూ అది పోకపోతే ఆ మిషన్ వద్దు.

మిషన్‌తో వచ్చే బ్లేడుకు పళ్లు తక్కువ, అంచులు రేగుతాయి. బీడింగుకు 60 నుంచి 80 పళ్లది విడిగా కొనండి. అల్యూమినియానికి పళ్లు వెనక్కి వాలిన ప్రత్యేక బ్లేడు ఉండాలి. ఇనుప రాడ్లు కోసే రాతి చక్రాన్ని దీనికి ఎప్పుడూ బిగించకండి. ఆ పనికి చాప్ సా వేరే ఉంది.

బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించాలి, పూర్తిగా ఆగాకే పైకెత్తాలి. చెయ్యి ఆరంగుళాల దూరంలో ఉండాలి. గ్లవ్స్ వద్దు, తిరిగే బ్లేడు వాటిని పట్టి లాగేస్తుంది. కళ్లద్దాలు, మాస్కు మాత్రం తప్పనిసరి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుందామా అంటే, అక్కడి మిషన్ 120 వోల్టులది. మన 230 మీద నడపడానికి 2 కిలోవాట్లు దాటిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పైగా అక్కడి పదంగుళాల బ్లేడుకు మధ్య రంధ్రం 5/8 అంగుళం. ఇక్కడ ఎక్కువగా దొరికేవి 25.4 లేదా 30 మిల్లీమీటర్లవి, అవి ఆ ఇరుసుకు బిగియవు.