పాత కారు ఇంజను పెద్దది చేయాలంటే ముందు లెక్క



మనలో పదో తరగతి అయినాక ఐటిఐలో మోటార్ మెకానిక్ చేరాలనుకునేవాళ్లు ఉన్నారు. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఉన్న బండ్లను ముద్దుగా చూసుకునేవాళ్లు "ఇంజను ఇంకొంచెం పెద్దది చేయవచ్చునా?" అని అడుగుతుంటారు. చేయవచ్చు. కాని స్పానర్ కన్నా ముందు పెన్సిలు పట్టాలి. లేకుంటే డబ్బూ పోతుంది, నడిచే ఇంజనూ పోతుంది.

స్ట్రోక్ అంటే ఏమి?

సిలిండర్‌లో పిస్టన్ కింది నుంచి పైకి పోయే దూరమే స్ట్రోక్. సిలిండర్ లోపలి వెడల్పు బోరు. పొడుగు స్ట్రోక్ ఉన్న క్రాంక్‌షాఫ్ట్ వేస్తే గాలి, పెట్రోలు ఎక్కువ పడతాయి, లాగుడు పెరుగుతుంది. ఇట్లా చేసిన ఇంజనును స్ట్రోకర్ అంటారు.

లెక్క ఎట్లా?

మనం చదివిన స్థూపం ఘనపరిమాణం సూత్రమే. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను బోరు 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. ఒక్క సిలిండర్‌కు 372.3 సీసీ. నాలుగింటికి 1489. స్ట్రోక్ 5 మి.మీ. పెంచితే 1573. అంటే 84 సీసీ లాభం.

దాని వెంట వచ్చే చిక్కులు:

1. పిస్టన్ పైన 2.5 మి.మీ., కింద 2.5 మి.మీ. ఎక్కువ పోతుంది. పాత పిస్టన్, పాత రాడ్డే వేస్తే హెడ్డుకు తగలవచ్చు. పిన్ను రంధ్రం అంత పైకి ఉన్న పిస్టన్ గాని, అంత పొట్టి రాడ్డు గాని కావాలి.

2. కనెక్టింగ్ రాడ్డు బ్లాకు అంచుకు తగలవచ్చు.

3. పైన మిగిలే జాగా 60 సీసీ అనుకుంటే కంప్రెషన్ 7.2 నుంచి సుమారు 7.6 అవుతుంది. మరీ పెరిగితే ఇంజను కొట్టుకుంటుంది. మన రాజంపేట ఎండలకు రేడియేటర్ కూడా బాగుండాలి.

4. నిమిషానికి 4000 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 11.9 మీటర్ల నుంచి 12.5 అవుతుంది. అరుగుదల ఎక్కువ.

క్రాంకు యాడ దొరుకుతుంది?

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. అంబాసిడర్ ఇంజను బ్రిటన్‌లోని బిఎంసి కంపెనీ డిజైను. ఆ కంపెనీ ఇదే రకంలో 1622, 1798 సీసీ ఇంజన్లు చేసినప్పుడు స్ట్రోక్ 88.9 అట్లే ఉంచి బోరునే పెంచింది. కాబట్టి ఆ రకంలో పొడుగు క్రాంకు తయారుగా దొరకదు. కొత్తగా చేయించాలంటే చాలా ఖర్చు. అమెరికాలో షెవ్రొలె 350 ఇంజనుకు అదే కంపెనీ 400 ఇంజను క్రాంకు వేస్తారు. స్ట్రోక్ 3.48 అంగుళాల నుంచి 3.75 అవుతుంది. అక్కడ కూడా క్రాంకును లేత్ మీద సన్నం చేసి, బ్లాకు అంచులు కొంచెం గీకి, బోరు కాస్త పెంచితేనే 383 ఘనపు అంగుళాల ఇంజను తయారవుతుంది.

పని వరుస

ముందు బ్లాకు విప్పి కొలవాలి. తర్వాత క్రాంకు, రాడ్డు, పిస్టన్ మూడూ ఒకదానికొకటి సరిపోయేటట్లు ఎంచుకోవాలి. పూర్తిగా బిగించే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా తగలలేదని చూడాలి. క్లచ్, బ్రేకులు కూడా ఆ బలానికి తగినట్లు ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలు మారేటట్లు బండిని ఇష్టమొచ్చినట్లు మార్చరాదు. కాబట్టి ఆర్‌టిఓ ఆఫీసులో ముందే అడగాలి.

స్థూపం పాఠం ఎందుకు పనికొస్తుంది అనేవాళ్లకు ఇదే జవాబు. ఇక మీకొక లెక్క: ప్రీమియర్ పద్మిని బోరు 68 మి.మీ., స్ట్రోక్ 75 మి.మీ., సిలిండర్లు 4. మొత్తం ఎన్ని సీసీలు? చేసి వార్డెన్ గారికి చూపించండి.