కోపం కింద బుగులు

మానసిక చికిత్సలో సలహాల పాలు జనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. లోపల కదిలే భావాన్ని గుర్తుపట్టడం, దాన్ని నమ్మదగిన మరో మనిషి ఎదుట పూర్తిగా అనుభవించడం, ఆ అనుభవంతో పాత భయాలు కొంత సడలడం: అసలు పని అక్కడ జరుగుతుంది. అందుకే గత 40 ఏళ్లలో వచ్చిన కొన్ని చికిత్సా పద్ధతులు భావోద్వేగాన్నీ అనుబంధాన్నీ విడదీయకుండా చూస్తాయి.

అనుబంధ సిద్ధాంతానికి ఆద్యుడు బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907-1990). కలిగిన ఇంట పుట్టాడు. తల్లిలా సాకిన ఆయా అతని నాలుగో ఏట పని మానేసి వెళ్లిపోయింది. ఇంకొన్నాళ్లకు బోర్డింగ్ స్కూల్లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ఇల్లూ వాకిలీ లేని పిల్లల మానసిక స్థితి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక 1951లో వెలువడింది. పాలు పడుతుంది కాబట్టే బిడ్డ తల్లిని అంటిపెట్టుకుంటుందని అప్పటి పండితుల నమ్మకం. అమెరికాలో హ్యారీ హార్లో 1958లో ప్రకటించిన కోతిపిల్లల ప్రయోగం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. పాలసీసా ఉన్న ఇనుప తీగల బొమ్మ ఒకటి, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి పక్కపక్కన పెడితే, పిల్లలు పాలు తాగడానికి మాత్రం తీగబొమ్మ దగ్గరికి పోయి, మిగతా సమయమంతా గుడ్డబొమ్మనే కరుచుకుని ఉండేవి.

బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక చిన్న సినిమా తీశాడు. రెండున్నరేళ్లు కూడా నిండని లారా అనే పాప బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. తల్లిని పక్కన ఉండనివ్వడం అప్పటి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఆనవాయితీ కాదు. తల్లికి దూరమైన పిల్లల్లో రాబర్ట్‌సన్, బౌల్బీ మూడు దశలు గమనించారు. ముందు గోల చేసి ఏడుస్తారు. తర్వాత నీరసించి మూలకు చేరతారు. చివరికి మామూలుగా ఆడుకుంటారు గానీ అమ్మ వస్తే మొహం తిప్పుకుంటారు. ఆ మూడో దశను చూసి నర్సులు ‘పాప అలవాటు పడింది’ అనుకునేవారు. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలను చూసి మన దగ్గరా అదే మాట అంటుంటారు. పదేళ్ల పిల్ల, రెండేళ్ల పిల్ల ఒకటి కాదు, నిజమే. అయినా ఏడుపు ఆగితే బెంగ తీరినట్టేనని లెక్కవేయడం తొందరపాటు.

ఈ పరిశోధనను ఇళ్లలోకి తీసుకెళ్లినది మేరీ ఐన్స్‌వర్త్. 1954-55లో ఉగాండా పల్లెల్లో తల్లులనూ పసిపిల్లలనూ నెలల తరబడి గమనించింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లలతో ఒక పరీక్ష రూపొందించింది. తల్లి కొద్ది నిమిషాలు గదిలోంచి బయటికి వెళ్లి తిరిగి వస్తుంది. తల్లి పోయినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ఇందులో ముఖ్యం కాదు, తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నది ముఖ్యం. కొందరు పిల్లలు అమ్మను చుట్టుకుని కాసేపటికి ఊరడిల్లి మళ్లీ ఆటలో పడతారు. కొందరు పట్టనట్టు ఉంటారు. ఇంకొందరు చంకనెక్కి కూడా తల్లిని కొడుతూ ఏడుపు ఆపరు. భయంతో బిగుసుకుపోయి ఎటూ తేల్చుకోలేని నాలుగో రకాన్ని మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ తర్వాత గుర్తించారు.

ఇదంతా తల్లి ఒక్కదాని బాధ్యతేనని అర్థం తీస్తే పొరపాటు. బిడ్డ ఒకరికి మించి పెద్దలతో అనుబంధం పెట్టుకోగలదు. మెదక్ జిల్లా పల్లెల నుంచి తల్లిదండ్రులు హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వలసపోతే నానమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ నానమ్మ నిలకడగా ఉంటే, పిలిస్తే పలికితే, అది లోటు పెంపకం కాదు. ఏటా చేతులు మారుతూ, ఎవరి దగ్గర ఎన్నాళ్లో తెలియకుండా పెరిగినప్పుడే చిక్కు.

పెద్దయ్యాక కూడా ఈ అవసరం పోదు. సిండీ హజన్, ఫిలిప్ షేవర్ 1987లో ప్రేమ సంబంధాలను ఇదే కోణంలో పరిశీలించారు. అదే దశాబ్దంలో కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ దంపతుల కోసం భావోద్వేగ కేంద్రిత చికిత్సను రూపొందించారు. అది ఎలా నడుస్తుందో చూడటానికి, మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలోని ఒక పల్లె జంటను ఊహించుకోవచ్చు. భర్త ఆరేళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో పని, వారానికోసారి ఇంటికి రాక. ఇంట్లో రోజూ లొల్లి.

“ఫోన్ చేస్తే ఎత్తడు. నేను సచ్చినా బతికినా ఈయనకు పట్టది” అంటుంది భార్య. భర్త నేల చూపులు చూస్తాడు. “ఏమన్నంటే లొల్లి పెద్దగైతది సార్. అందుకే సప్పుడు చెయ్య.” ఆమె గొంతు పెంచిన కొద్దీ అతను ముడుచుకుంటాడు, అతను ముడుచుకున్న కొద్దీ ఆమె గొంతు పెంచుతుంది. తప్పెవరిదో తేల్చే పంచాయితీ చికిత్సకుడు పెట్టడు. “ఫోన్ మోగుతనే ఉంటది, ఆయన ఎత్తడు. ఆ టైంల మీ లోపల ఏమైతది అమ్మా?” అని అడుగుతాడు. “కోపమొస్తది.” “కోపం కంటె ముందుగాల?” ఆమె చెయ్యి గుండె మీదికి పోతుంది. కాసేపు మాట రాదు. “బుగులైతది సార్. మల్ల ఒంటిదాన్నే అయితనేమో అని.” “ఆ మాట ఆయన దిక్కు తిరిగి చెప్పుండ్రి” అంటాడు చికిత్సకుడు. ఆమె చెప్పాక భర్త తలెత్తుతాడు. “నువ్వు బుగులుపడ్తున్నవని నాకెరుక లేదు. నా మీద పగ పట్టినవనుకున్న.”

గ్రీన్‌బర్గ్ విభజనలో ఆమె కోపం పైపొర, దాని కింది బుగులు మూలభావం. పైపొరతో ఎంత వాదించినా గొడవ తెగదు. అట్లాగని ప్రతి కోపాన్నీ పైపొర అనుకోకూడదు. అన్యాయం జరిగినప్పుడు వచ్చే కోపం మూలభావమే. సర్దుకుపొమ్మని జీవితమంతా విన్న ఆడవాళ్లకు ఆ కోపాన్ని గుర్తించి నోరు విప్పడమే చికిత్స కావచ్చు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టే చికిత్సకు పూనుకోకూడదు. అక్కడ ముందు కావలసింది ఆమె భద్రత.

‘ఏడ్చేస్తే తేలికవుతుంది’ అన్నది సగం నిజం. బ్రాయర్, ఫ్రాయిడ్ 1895 నాటి పుస్తకంలో అణచిన భావాన్ని వెళ్లగక్కించడమే వైద్యమని నమ్మారు. తర్వాత ఫ్రాయిడే ఆ దారి వదిలాడు. భావం కదలాలి, దానికి మాట దొరకాలి, అది ఏం కోరుతోందో తెలియాలి. చనిపోయిన తండ్రితో చెప్పలేకపోయిన మాటను ఎదుటి ఖాళీ కుర్చీతో చెప్పించే పద్ధతి ఇందుకే. అలా చెప్పేటప్పుడు సిగ్గు పడుతున్న మనసులో కోపమో, తన మీద తనకు జాలో పుడితే పాత సిగ్గు పట్టు సడలుతుంది. మోతాదు మించితే మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ. చిన్నతనంలో హింసకు గురైనవాళ్లను తొలి వారాల్లోనే ఆ జ్ఞాపకాల్లోకి నెట్టడం అనుభవం లేనివాళ్లు చేసే పని.

ఈ పని సాగాలంటే చికిత్సకుడితో బంధమే ఆధారం. పాత అనుభవాలు ఆ గదిలోకీ వస్తాయి. అపాయింట్‌మెంట్ వాయిదా పడితే ‘మీకూ నా మీద విసుగొచ్చింది’ అనుకునేవారుంటారు. ఆ అనుమానాన్ని దాచకుండా మాట్లాడుకుని బంధాన్ని అతికించుకోవడం చికిత్సలో పెద్ద మలుపు అవుతుంది. తల్లీబిడ్డల మధ్య కూడా అంతే. మంచి తల్లులకు సైతం బిడ్డతో తరచూ తాళం తప్పుతుందని, మళ్లీ కలుపుకోవడమే ముఖ్యమని ఎడ్వర్డ్ ట్రోనిక్ పరిశోధనలు చూపాయి.

మన దగ్గర ఒక చిక్కుంది. పేషెంటు ‘మీరెట్ల చెప్తె అట్ల సార్’ అంటాడు. పాశ్చాత్య పాఠాలు దాన్ని పరాధీనతగా చూస్తాయి. భారతీయ మనోవైద్యుడు జె.ఎస్. నేకి 1973లో గురుశిష్య సంబంధాన్నే చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చని ప్రతిపాదించాడు. ఆ మాటలో బలముంది. ఆనుకోనివ్వకుండా సొంత కాళ్లమీద నిలబడమనడం బౌల్బీ సిద్ధాంతానికీ విరుద్ధమే. ఆనుకున్నవాణ్ని గుప్పిట్లో పెట్టుకునే గురువులూ ఉంటారు కాబట్టి హద్దులు తప్పవు.

పాపన్నపేటలో కష్టమొస్తే ఏడుపాయల వనదుర్గమ్మకు మొక్కుకుంటారు. చికిత్సకు వెళ్లడానికి ఆ మొక్కు మానుకోనక్కర్లేదు. తీవ్రమైన డిప్రెషన్, భ్రమలు ఉంటే మాటల చికిత్స ఒక్కటే చాలదు, ముందు మనోవైద్యుడి దగ్గర మందులు కావాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లేవారు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. చెప్పుకున్నది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. అంత దూరం పోలేనివారికి 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.