విమానానికి రక్ష, మనిషికి ముప్పు

తడిలో పడి ఉన్న ఇనుప మేకుకు తుప్పు పట్టడం మీరు చూసే ఉంటారు. మరి విమానం మాటేమిటి? దానికి వాడేది అల్యూమినియం కదా, భయమెందుకు అంటారేమో!

నిజమే. గాలి తగలగానే అల్యూమినియం పలుచని ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. ఆ పొరే దాన్ని కాపాడుతుంది. కాని శుద్ధ అల్యూమినియం మెత్తన. అందువల్ల విమానాలకు 2024 అనే మిశ్రమ లోహాన్ని ఎక్కువగా వాడతారు. అందులో సుమారు 4 శాతం ఉండే రాగి బలాన్నిస్తుంది; చిక్కునూ తెస్తుంది. రాగి రేణువుల దగ్గర ఉప్పునీరు చేరితే అక్కడ బుల్లి బ్యాటరీ తయారై, చుట్టూ ఉన్న అల్యూమినియం కరిగి గుంటలు పడతాయి. నౌకల మీద ఉండే యుద్ధవిమానాలకు ఈ బెడద మరీ ఎక్కువ.

దీనికి దశాబ్దాలుగా వాడుతున్న విరుగుడు క్రోమేట్ ప్రైమర్. పెయింటు మీద గీత పడితే, తడిలో క్రోమేట్ కొద్దిగా కరిగి అక్కడికి చేరుతుంది. కరగని పదార్థంగా మారి, బయటపడిన లోహాన్ని కప్పేస్తుంది. అంటే, పూత తన గాయాన్ని తానే మాన్పుకుంటుందన్నమాట!

అయితే ఇందులోని క్రోమియం +6 ఆక్సీకరణ స్థితిలో ఉంటుంది. పూత చల్లేటప్పుడు లేచే తుంపర, గీకేటప్పుడు లేచే ధూళి పనివారి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు.

మరి మానేస్తే? అమెరికా ఎఫ్-22 యుద్ధవిమానానికి క్రోమేట్ లేని ప్రైమర్ వేశారు. 2005లోనే లోహం తినివేతకు గురికావడం కనిపించింది. నీరు సరిగా బయటికి పోకపోవడం వంటి కారణాలూ ఉన్నాయి కాని, ప్రైమర్ చాలినంత రక్షణ ఇవ్వకపోవడమూ ఒకటి. మరమ్మతులకు కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

అయినా శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. అమెరికా నౌకాదళ పరిశోధకులు విషం చాలా తక్కువగా ఉండే +3 క్రోమియంతో, ప్రైమర్ కింద వేసే పూతను రూపొందించారు. ఉత్తర డకోటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెగ్నీషియం పొడి కలిపిన ప్రైమర్ తయారైంది. బకెట్ మీది జింకు పూత ఇనుమును కాపాడినట్లే, మెగ్నీషియం తాను ముందుగా కరిగిపోతూ అల్యూమినియాన్ని కాపాడుతుంది.

కొత్త పూతకు పరీక్ష కఠినమే. రేకుకు పూత పూసి, గీత గీసి, 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 శాతం ఉప్పునీటి పొగమంచులో 2000 గంటలు, అంటే సుమారు 83 రోజులు ఉంచుతారు! అందులో నెగ్గినా, సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి నిలిచిందో లేదో చూడాలి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. రెండు గ్లాసుల ఉప్పునీటిలో రెండు అల్యూమినియం రేకు ముక్కలు వేయండి. ఒకదానికి మాత్రం శుభ్రమైన రాగితీగ చుట్టండి. కొద్ది రోజుల తర్వాత ఏ ముక్కకు గుంటలు ఎక్కువ పడ్డాయో చూడండి. కారణం మీకు ఇప్పుడు తెలుసు!